తూకం లేని నీళ్లు

ముందుగాల చేతుల ముచ్చట చెప్పాలె.
ఇరవై ఆరేండ్లు ఎనుమాముల మార్కెట్ల
మిర్చి ముచ్చికలు తీసిన చేతులు.
అన్నం కలిపినా మంటే.
మనుమని కండ్లు తుడువబోతే వాడు కెవ్వుమనేటోడు.
కొబ్బరినూనె, పెరుగు, బియ్యం కడిగిన నీళ్లు,
ఏది రాసినా నడిజాము దాటినంకనే
నా చేతులు నా చేతులయ్యేటియి.

గసొంటి చేతులు పట్టుకొని అండమాన్ పోయిన.

తొమ్మిది మందిమి. వారానికి వంద,
నాలుగేండ్ల చిట్టీ.
బంగారం కొందామన్నది ఎల్లవ్వ.
"బంగారం బీరువల పంటది,
మరి మనం ఎప్పుడు లేద్దాం?" అన్నది ఖాజాబీ.
గంతే. ఇంకెవ్వరూ నోరిప్పలే.

వరంగల్ల రాత్రి రైలు, మద్రాసుల విమానం.
కిటికీ కాడి సీటు కోసం కొట్లాడిన సారవ్వ
దిగేదాక కండ్లు తెరువలే.
"ఏం సూసినవే?" అంటే
"దేవుణ్ణి" అన్నది, శెమట తుడుసుకుంట.

ఆడ ఆటో ఆయన తెలుగోడే.
"ఏ ఊరమ్మా మీది, ఏటిలా వచ్చారు?"
వాళ్ల తాత పలాస దిక్కుకెళ్లి ఓడెక్కి వచ్చిండట,
మళ్ల పోలేదట.
మా మాట ఆయనకు సగం, ఆయన మాట మాకు సగం,
మిగిలిన సగానికి నవ్వుకున్నం.
"మీకు సముద్రం నేదా?" అన్నడు జాలిగ.
"లేదు బిడ్డా, మాకు గుట్టలున్నయి" అన్నది ఎల్లవ్వ,
గుట్టలన్నీ ఆమె పేరు మీదనే ఉన్నట్టు.

చిన్న దీవికి పోయే పడవల
తొమ్మిది మందిల ఏడుగురం కక్కుకున్నం.
అది కూడ చెప్పాలె గద.

ఇగ నీళ్లు.
నీలం అంటే అబద్ధమయితది.
బట్టలకు పెట్టే నీలిమందు
బకెట్ల అప్పుడే చుక్క వడ్డప్పుడు,
ఇంకా కలుపకముందు,
ఎట్లుంటది? గట్ల.

ఒంగి చేతులు ముంచిన.
మండినయి.
గోళ్ల సందుల, పగుళ్లల్ల ఉప్పు దూరి
సుర్రుమన్నది.
నవ్వొచ్చింది నాకు.
గింత దూరమొచ్చినా మంటేనా అని.
కానీ మిర్చి మంట లోపటికి పోయి కూసుంటది,
ఇది అల తోని వచ్చి అల తోని పోయింది.
మల్ల ముంచిన. మల్ల. పొద్దుగూకేదాక ముంచిన.

రాత్రి కరెంటు పోయింది.
ఖాజాబీ చెప్పులు ఇసుకల మరిచొచ్చింది, తేను పోయినం.
తడిల అడుగు పెడితే
అడుగు కింద మెరిసింది.
తియ్యంగనే ఆరిపోయింది.
ఆమె అడుగు కింద, నా అడుగు కింద,
పచ్చగ, సల్లగ, వేడి లేని నిప్పు.
ఇద్దరం ముసలోళ్లం
ఎవ్వరన్న సూస్తున్నరా అని ఇటటు సూసి
ఎగిరినం.
చెప్పులు దొరుకలే.

వచ్చే రోజు విమానం కాడ
సంచిలకెళ్లి తెల్ల రాయి తీసి పక్కకు వెట్టిండు పోలీసాయన.
రాయి కాదట, సముద్రం ఎముకట. కొండవోవద్దట.
"మంచిదే సారూ, ఎవలి ఎముక వాళ్ల కాడనే ఉండాలె"
అన్న గని, పానం పీకింది.

ఇగ ఇక్కడ.
అడుగు కింద మెరిసిందంటే
కోడలు స్రవంతి ఫోన్ల ఫొటో సూపియ్యమన్నది.
చీకట్ల మాకు ఫొటో యాదికొచ్చెనా?
పక్కింటోళ్లు కొబ్బరిబొండం రేటు అడిగిండ్రు.

మాఘమాసం, మార్కెట్ నిండ మిర్చి.
గేటు దాటి రోడ్డు మీదికి ఎర్రగ పొంగింది సరుకు.
ముచ్చికలు తీసుకుంట కూసున్నం, తుమ్ముకుంట.
గుమాస్తా రాంచందర్ కాంట కాడికెళ్లి కేకేసిండు,
"సముద్రం ఎంత ఉంటదే అవ్వా?"

కుప్పల దిక్కు సూసిన.
గింతనే అనుకో, నీళ్లయితే.
కానీ దాన్ని ఎవ్వరూ కాంటకెయ్యరు,
తాలు అని, తడి అని ఎవ్వరూ ధర కొయ్యరు.

ఆయన ఇంటలేడు, చిట్టా రాసుకుంటున్నడు.
ఖాజాబీ మాత్రం
కాళ్ల కింది మిర్చి గింజల మీద
ఒక్క అడుగు మెల్లగ వేసి, ఎత్తి,
నా దిక్కు సూసింది.